ప్రయోగశాలలో పెరిగే రెటీనా: వంశపారంపర్య కంటి జబ్బుల పరిశోధనలో ఎలా ఉపయోగపడుతోంది?

కాలేయానికి జబ్బు చేస్తే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. కంటి వెనుక ఉండే రెటీనా విషయంలో అది కుదరదు. ముక్క తీస్తే ఆ మేరకు చూపు పోతుంది, మళ్లీ రాదు. అందుకే, రేచీకటితో మొదలై క్రమంగా చూపు పోగొట్టే రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బుల్లో రోగి కణాల్లో ఏం జరుగుతోందో నేరుగా చూసే వీలు చాలాకాలం లేకపోయింది.

ఆ లోటును ఇప్పుడు కొంతవరకు తీరుస్తున్నవి రెటీనా ఆర్గనాయిడ్లు. అంటే, ప్రయోగశాలలో పెంచిన చిన్న రెటీనా కణజాలం.

ఎలా తయారు చేస్తారు?

రోగి చర్మం లేదా రక్తం నుంచి తీసిన కణాలను మూలకణాలుగా మారుస్తారు. మనిషి కణాలతో ఇది సాధ్యమని 2007లో చూపిన వారిలో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక ఒకరు. ఆయనకు 2012లో నోబెల్ బహుమతి దక్కింది.

తగిన పోషక ద్రవంలో పెంచితే మూలకణాలు వాటంతటవే రెటీనా పొరలుగా అమరుతాయి. జపాన్‌లోని కోబేలో యోషికి ససాయ్ బృందం 2011లో ఎలుక పిండ మూలకణాలతో, 2012లో మానవ పిండ మూలకణాలతో దీన్ని నిరూపించింది. కాంతిని గ్రహించే కణాలు పరిణతి చెందడానికి నెలల తరబడి పడుతుంది.

ఏం తెలిసింది?

పసితనంలోనే చూపును దెబ్బతీసే లెబర్ కంజెనిటల్ అమరోసిస్‌కు సీఈపీ290 జన్యువులో లోపం ఒక కారణం. ఈ జన్యువు శరీరంలో చాలాచోట్ల పనిచేస్తుంది. అయినా ఒక రకం లోపం ఉన్నవారిలో ప్రధానంగా కన్నే ఎందుకు దెబ్బతింటుంది? లండన్ పరిశోధకులు 2016లో ఆర్గనాయిడ్లలో దీనికి జవాబు వెతికారు. జన్యు సందేశం తప్పుగా తయారవడం చర్మ కణాల్లో కంటే కాంతిని గ్రహించే కణాల్లోనే ఎక్కువని తేలింది. ఆ తప్పును అడ్డుకునే అణువు అక్కడ బాగా పనిచేసింది.

ఇదే పద్ధతిలో రూపొందిన సెపోఫార్సెన్ మందు మాత్రం 2022లో రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. ఆర్గనాయిడ్లలో రక్తనాళాలు ఉండవు, మెదడుతో సంబంధం ఉండదు. అక్కడ పనిచేసిన మందు కంటిలోనూ అంతే పనిచేస్తుందన్న హామీ లేదు.

మనకెందుకు ముఖ్యం?

మేనరికాలు ఎక్కువగా ఉండే దక్షిణాదిలో, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం బిడ్డకు సంక్రమించే అవకాశం పెరుగుతుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ రెటీనా ఆర్గనాయిడ్లపై పరిశోధన సాగుతోంది. ఇది ఇంకా చికిత్స కాదు. ప్రస్తుతానికి అలాంటి కుటుంబాలు చేయగలిగింది జన్యు పరీక్ష, కౌన్సెలింగ్. ఏ జన్యువులో లోపం ఉందో తెలిస్తేనే రేపు వచ్చే మందు తమకు పనికొస్తుందో లేదో తెలుస్తుంది.