బడి కప్పు గురించి ఇంటికి ఒక జాబు



బడినుండి ఇంటికి వెళ్లే జాబులలో సాధారణంగా రుసుము, పరీక్ష, సెలవు అనే మూడు విషయాలే ఉంటాయి. మీ బిడ్డ కూర్చునే గది కప్పులో ఏమున్నదో తెలిపే జాబును మీరెన్నడైనా అందుకున్నారా? అమెరికాలో అటువంటి జాబు ఏటేటా వెళ్లాలని చట్టమే ఉన్నది. దాని చరిత్ర మనకు కూడ ఉపయోగకరమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రాతినార, అనగా ఆస్బెస్టాస్, నిప్పులో కాలదు. అగ్నిభయం చేతను, శబ్దం తగ్గుతుందనే ఆశ చేతను అక్కడి అనేక బడుల కప్పులకు దానిని పూతగా చల్లారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరితే, వ్యాధి బయటపడడానికి 20 నుండి 40 ఏళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. పసితనంలో పీల్చినవారికి ముందున్న ఆయుర్దాయమంతా ఆ వ్యాధికి అవకాశమే. అగ్నినిరోధం కోసం చల్లే పూతను 1973లో నిషేధించారు గాని, అప్పటికే చల్లినది బడులలోనే మిగిలిపోయింది.

1982లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక నిబంధన చేసింది. చేతితో నలిపితే పొడి అయ్యే రాతినార ఉన్నదేమో బడులు పరీక్షించి, ఉన్నచో తల్లిదండ్రులకు తెలియజేయాలి. తెలిపిన తరువాత ఏమి చేయాలో మాత్రం ఆ నిబంధన విధించలేదు. తల్లిదండ్రులకు భయం అందింది, మార్గం అందలేదు.

ఆ లోపాన్ని 1986 నాటి చట్టం సవరించింది. ప్రతి బడికీ ఒక నిర్వహణ ప్రణాళిక ఉండాలి. రాతినార ఉన్న చోట్లను 6 నెలలకొకసారి చూడాలి, 3 ఏళ్లకొకసారి మరల పరీక్షించాలి. ప్రణాళిక ప్రతిని బడి కార్యాలయంలో ఉంచి, అడిగిన తల్లిదండ్రులకు చూపాలి. ఆ సంగతిని ఏడాదికొకసారి వ్రాతపూర్వకంగా తెలపాలి. రాతినార కనబడగానే పీకివేయమని చట్టం చెప్పలేదు. చెక్కుచెదరని దానిని కనిపెట్టి ఉండడమే మేలు. అజాగ్రత్తగా తొలగిస్తే పోగులు గాలిలో కలుస్తాయి.

అయినను జాబు వెనుక సత్యం లేకపోతే ఏమవుతుందో 1993లో న్యూయార్క్ నగరం చూసింది. పూర్వం జరిగిన పరీక్షలు నమ్మదగినవి కావని తేలి, బడులు 11 రోజులు ఆలస్యంగా తెరుచుకున్నాయి.

ఇక మన వైపు చూద్దాం. 2004 జూలై 16న కుంభకోణంలో ఆకుకప్పు బడి అంటుకొని 94 మంది పసిబిడ్డలు బలయ్యారు. అటుపిమ్మట తమిళనాట బడుల ఆకుకప్పులను తొలగించమన్నారు. మా హొసూరు ప్రాంతంలో నేను చూసినంతవరకు, ఆకు పోయిన చోట సిమెంటు రేకు వచ్చింది. అగ్నిభయమే అక్కడ పూతను, ఇక్కడ రేకును తెచ్చింది. రేకులో పోగులు సిమెంటుతో బిగిసి ఉంటాయి, నిజమే. కోసినా, తొలిచినా, పగులగొట్టినా అవి దుమ్మై లేస్తాయి.

కొన్నేళ్ల క్రితం ఒక బడిలో తరగతులు నడుస్తుండగానే పగిలిన రేకులను మార్చారు. ఇంటికి వెళ్లిన చీటీలో మరమ్మతు అన్న ఒక్క మాటే ఉన్నది, అది కూడ తమిళంలో. తెలుగు మాత్రమే చదవగల ఒక అవ్వ దానిని నాచేత చదివించుకొని, "ఈ దుమ్ము బిడ్డలకేమీ చేయదు గదా అయివారూ?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఆ సిగ్గే నన్ను ఈ చరిత్ర చదివించింది.

తల్లిదండ్రులారా, మీ బడిని ఒక చిన్న జాబు అడగండి. రేకు ఎక్కడ ఉన్నది, ఏ స్థితిలో ఉన్నది, పని ఏ సెలవునాడు జరుగుతుంది, రేకును తడిపి పగలకుండా దించుతారా, సందేహముంటే ఎవరిని కలవాలి? ఇవి ఉంటే చాలు. తోటి ఉపాధ్యాయులారా, ఆ జాబును ఇంటి భాషలో కూడ వ్రాయండి. అవ్వ చదవలేని హెచ్చరిక, ఇవ్వని హెచ్చరికతో సమానం.