అమ్మ విశారద, నా ఇరవై మార్కులు

పోయిన నెల మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, హిందీలో సంసార్ అంటే లోకమట, తెలుసా?" అంది. ఉత్తరాదిలో ఓ యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. పాఠాలు ఇంగ్లీషులోనే గానీ మెస్సులో, ఆటో దగ్గర హిందీ రాకపోతే నోరు లేనట్టే. అందుకని హిందీ రానివాళ్ళ కోసం అక్కడ పెట్టే క్లాసులో చేరి, అక్షరాల దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు రెండో మెట్టు దాకా వచ్చింది. "మనకి సంసారమంటే ఇల్లూ పిల్లలూ. వాళ్ళకి లోకమంతా సంసారమే" అని ఒకటే నవ్వు.

ఆ ముచ్చట మా అమ్మకి చెబితే, బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా, "నాకు తెలుసులే, మధ్యమలోనే వచ్చింది" అంది.

మధ్యమ అంటే దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్ష. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. మీ ఇళ్ళల్లో కూడా అమ్మదో అమ్మమ్మదో ఇలాంటి సర్టిఫికెట్ ఒకటి పెట్టె అడుగున ఉండే ఉంటుంది. మా అమ్మని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. పెళ్ళయి నరసరావుపేట వచ్చాక, పక్క వీధిలో ఓ మాస్టారు అరుగు మీద హిందీ చెబుతుంటే వెళ్ళి కూర్చుంది. మొదటి పరీక్షలకి నువ్వెంతదాకా చదివావని అడిగేవాళ్ళు లేరు. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పరీక్ష. వంట చేసి వెళ్ళి రాసి రావచ్చు. మామగారు కూడా కాదనలేదు. గాంధీగారి చదువు కదా మరి!

నిజంగానే అది గాంధీగారు పెట్టిన చదువు. 1918లో ఇందోర్ హిందీ సాహిత్య సమ్మేళనానికి ఆయన అధ్యక్షుడు. దక్షిణాదిలో హిందీ నేర్పాలని అక్కడే సంకల్పించి, మొదటి పంతులుగా తన చిన్నకొడుకు దేవదాస్‌నే మద్రాసు పంపారు. అప్పటికి ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు. గోఖలే హాలులో మొదటి తరగతిని అనీబిసెంట్ ప్రారంభించారు. తర్వాత ఈ పనిని భుజానికెత్తుకున్న మోటూరి సత్యనారాయణగారు మన కృష్ణా జిల్లా దొండపాడు ఆయనే. ఆగ్రాలో కేంద్రీయ హిందీ సంస్థాన్ వెనకా ఆయనే ఉన్నారు. 1964లో పార్లమెంటు చట్టంతో సభకి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. అక్కడ ఎం.ఏ., పీహెచ్‌డీలు చెప్పే విభాగం పేరు 'ఉచ్చ శిక్షా ఔర్ శోధ్ సంస్థాన్'. శిక్షా అంటే హిందీలో చదువు. మనకి శిక్షంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా అమ్మాయి తరగతిలో తెలుగు పిల్లలంతా ఆ మాట దగ్గర పడీ పడీ నవ్వారట.

ఈ కథలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించేది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఇంగ్లీషు మీడియం వద్దని బడి మానేసి, హిందీ నేర్చుకుని, తను ఇంకా చిన్నపిల్లగా ఉండగానే బాలికా హిందీ పాఠశాల నడిపారు. ఆ తర్వాతే మెట్రిక్, డిగ్రీ, లా అన్నీ. మామూలు బడి మూసుకుపోయిన ఆడవాళ్ళకి ఈ హిందీ ఒక పెరటి తలుపులాంటిది. పెరటి తలుపే అయినా బయటికి తీసుకెళ్ళింది. విశారద, ప్రవీణ పాసై ట్రైనింగ్ చేసినవాళ్ళు బళ్ళల్లో హిందీ పండితులయ్యారు.

కృష్ణ అవతలి ఒడ్డున మాత్రం కథ వేరు. మాచర్ల నుంచి నది దాటితే నల్గొండ, 1948 దాకా నిజాం రాజ్యం. ఇక్కడ దేవదాస్ అఆలు దిద్దించిన అదే 1918లో అక్కడ ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు సైన్సూ చరిత్రా ఉర్దూలోనే చదవాలి. మనవాళ్ళు ఇష్టపడి నేర్చుకున్న భాషకి అక్కచెల్లెలి వరసే కదా, అక్కడివాళ్ళకి అది తప్పనిసరి అయింది. ఇష్టానికీ తప్పనిసరికీ మధ్య ఒక్క ఏరే అడ్డం.

1949 సెప్టెంబరులో ఆ తప్పనిసరి మనదాకా వస్తుందేమోనన్న భయం రాజ్యాంగ సభలోనూ కనిపించింది. దుర్గాబాయిగారు అక్కడ హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ కావాలన్నారు. మేమెంతో ఉత్సాహంగా హిందీ చేపడితే, ఆ ఉత్సాహాన్నే చల్లార్చే ధోరణి చూస్తున్నామని బాధపడ్డారు. సెప్టెంబరు 14న దేవనాగరి లిపిలో హిందీ అధికార భాషగా ఖాయమైంది. హిందుస్తానీ వీధిలోనే ఉండిపోయింది.

ఆ వీధి మాదే. మా పక్కింటి ఆపాతో అమ్మ ఓసారి తన పుస్తకం హిందీలో, "ముఝే నహీఁ చాహియే" అందట. ఆపా పగలబడి నవ్వి, "రేడియోలో వార్తలు చదువుతున్నావా అమ్మా? మేరేకు నక్కో అను, చాలు" అందట. మధ్యమ పాసైన మనిషి మళ్ళీ గోడ దగ్గర మొదటి తరగతిలో చేరింది.

ఇక నా సంగతి. 1968 జాతీయ విద్యా విధానం త్రిభాషా సూత్రం తెచ్చింది. నేను బడికి వెళ్ళేసరికి హిందీ అందరికీ ఉంది, ఎవరికీ రాదు. పదో తరగతిలో మిగతావాటికి 35 తెచ్చుకోవాలి, హిందీకి ఇరవై వస్తే చాలు. ఆ ఇరవైతోనే తెలిసిపోయేది దాని విలువెంతో. డిగ్రీలో సెకండ్ లాంగ్వేజిగా హిందీ తీసుకున్నాను. నేర్చుకుందామని కాదు, మార్కులొస్తాయని. గైడు కంఠతా పట్టాను, పాసయ్యాను, మర్చిపోయాను. తప్పు నాదే.

ఇప్పుడు అమ్మాయి చెబుతుంటే తెలుస్తోంది, ఆ గైడులో ఎంత వదిలేశానో. నమక్ పుంలింగం, మిర్చ్ స్త్రీలింగం. దాల్ స్త్రీలింగం, చావల్ పుంలింగం. నా పోపులడబ్బాలో ఎవరు ఆడో ఎవరు మగో నాకే తెలియదు! 'మైఁనే రోటీ ఖాయీ' అని మగవాడు కూడా అనాల్సిందే. తిన్నది ఆయనైనా క్రియ మాత్రం రోటీ మాట వింటుంది. మన తెలుగులో ఆవిడా వచ్చింది, గేదే వచ్చింది, బస్సూ వచ్చింది. హిందీ ఆ విషయంలో నయమనాలా, రొట్టెకీ మిరపకాయకీ కూడా ఆడతనం అంటగట్టిందని విసుక్కోవాలా, నేనింకా తేల్చుకోలేదు. ఈ లింగాల దగ్గరే మొదటి మెట్టు వాళ్ళు కూలబడతారట. రెండో మెట్టులో తప్పు మాట్లాడినా ఆగకుండా మాట్లాడటం వస్తుందట.

అమ్మ విశారద పూర్వార్ధ్ పాసైంది. ఉత్తరార్ధ్‌కి ఫీజు కట్టి, హాల్ టికెట్ కూడా తెచ్చుకుంది. ఆ ఆగస్టు పరీక్షల వారంలోనే నేను పుట్టాను. తర్వాత తమ్ముడు, అత్తగారి జబ్బు, ఇల్లు కట్టడం. ఆ హాల్ టికెట్ ఇప్పటికీ ఉంది. నా చిన్నప్పుడు అది చూసి "ఇదేంటమ్మా?" అంటే "ఏదో కాగితంలే" అనేది.

ఇప్పుడు మనవరాలు తన పుస్తకం పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తుంటే, అమ్మ ఫోన్ కళ్ళద్దాలకి ఆనించుకుని చదువుతోంది. తప్పులు కూడా దిద్దుతోంది. నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఉత్తరార్ధ్ ఒక్కటే రాయనిస్తారేమో కనుక్కోవే. ఫీజు ఎంతో కూడా."