లంబాడీలు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు)

లంబాడీలు రాజస్థాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వలస వచ్చి స్థిరపడిన సంచార వర్తకుల సంతతి. వీరిని బంజారాలనీ, రాయలసీమలో సుగాలీలనీ పిలుస్తారు. వీరు తమను గోర్ అని చెప్పుకుంటారు. మహబూబాబాద్ (మానుకోట) జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా షెడ్యూల్డ్ తెగలవారే. వారిలో లంబాడీలే ఎక్కువ.

వలస: 17వ శతాబ్దంలో దక్కనుపై దండెత్తిన మొగలు సైన్యాలకు ధాన్యం మోసిన ఎడ్ల బిడారులతో వీరి రాక ఊపందుకుంది. తర్వాతి రెండు శతాబ్దాలూ తీరం నుంచి ఉప్పు, లోతట్టు ప్రాంతాల నుంచి ధాన్యం మోస్తూ బతికారు.

స్థిరనివాసం: 1889 నాటికి సికింద్రాబాద్–బెజవాడ రైలు మార్గం జనగామ, మానుకోట, డోర్నకల్ మీదుగా పూర్తయింది. సరుకు రైలెక్కడంతో ఎడ్ల రవాణాకు గిరాకీ పోయింది. బిడారులు ఆగిన చోట తండాలు వెలిశాయి. అడవి నరికి, రాళ్లు ఏరి, బీళ్లను సాగులోకి తెచ్చిన ఘనత ఈ కష్టజీవులది.

సాయుధ పోరాటం: అలా సాగైన భూములపై పెద్ద భూస్వాములైన దేశ్‌ముఖ్‌ల కన్ను పడింది. జనగామ తాలూకా ధర్మాపురంలో లంబాడీల భూములను కాజేయడానికి భూస్వాములు ప్రయత్నించగా తండావాసులు ఎదిరించారు. అక్కడి జాటోత్ ఠాను నాయక్ ఆంధ్రమహాసభ సంఘంలో చేరి, 1946–51 తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో వీరమరణం పొందాడు. 1946 జూలై 4న ఈ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఈ ప్రాంతంలోనే, విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఇలాకాలో ఉండేది. ఈ ప్రాంత భూపోరాట చరిత్రలో లంబాడీలది ముందు వరుస.

గుర్తింపు: ఆంధ్ర ప్రాంతపు సుగాలీలకు 1956లోనే దక్కిన షెడ్యూల్డ్ తెగ హోదా తెలంగాణ లంబాడీలకు 1976 నాటి సవరణ చట్టంతో గానీ అందలేదు. ఇదే జాతి కర్ణాటకలో షెడ్యూల్డ్ కులాల జాబితాలో, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉంది. 2009 ఎన్నికల నుంచి మహబూబాబాద్ లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయింది. బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవిత అక్కడి నుంచి గెలిచారు. 2016–19 మధ్య భూపాలపల్లి జిల్లాలో ఉన్న ములుగు నుంచి ఎన్నికైన ఆజ్మీరా చందూలాల్ గిరిజన సంక్షేమ మంత్రిగా పనిచేశారు.

సంస్కృతి: సీత్లా, తీజ్ ప్రధాన పండుగలు. తమ ఆరాధ్య గురువు సేవాలాల్ మహారాజ్ జయంతిని ఫిబ్రవరి 15న జరుపుతారు. వీరి భాష గోర్ బోలీకి సొంత లిపి లేదు.

పాలన: 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల్లో అవి తమ సర్పంచులను తామే ఎన్నుకున్నాయి.