ఏగాటెస్ దీవుల దగ్గర ఆ ఉదయం

క్రీ.పూ. 241, మార్చి 10. సిసిలీ పడమటి కొసన, ఏగాటెస్ దీవుల దగ్గర తెల్లవారుతోంది. మీరు ఒక రోమన్ యుద్ధనౌక అడుగున, తెడ్డు పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదు. కనపడేదల్లా ముందు బల్ల మీదివాడి వీపు. ఇలాంటి పెద్ద ఓడను నడపడానికి మూడు వందల మంది కావాలి. మీరెవరూ బానిసలు కారు. కొందరు పేద పౌరులు, కొందరు మిత్ర నగరాలవాళ్లు. నెత్తి మీది చెక్కల పైన సైనికుల అడుగుల చప్పుడు.

పడమటి గాలి గట్టిగా వీస్తోంది. ఓడ ఎగిరి పడుతోంది. మీ తెడ్డు ఒకసారి నీళ్లలో లోతుగా దిగుతుంది, మరోసారి గాల్లో తేలిపోతుంది. ఆ గాలి శత్రువుకు అనుకూలం. హియెరా దీవి నుంచి హన్నో నాయకత్వంలో కార్తేజ్ నౌకలు తెరచాపలెత్తి వస్తున్నాయి. సిసిలీలోని ఎరిక్స్ కొండ మీద కార్తేజ్ సేనాని హామిల్కర్ బార్కా సేన తిండి కోసం ఎదురుచూస్తోంది. ముందు అక్కడ ధాన్యం దించాలి. తర్వాత హామిల్కర్‌నూ, ఆరితేరిన అతని సైనికుల్నీ ఎక్కించుకుని మీ మీదికి రావాలి. ఇదీ వాళ్ల ఎత్తు.

మీ సేనాని కాటులస్‌కు తొడ మీద గాయం ఇంకా మానలేదు. ఎదురుగాలిలో పోరు ప్రమాదమని అతనికి తెలుసు. కానీ ఈ పూట వదిలేస్తే రేపు వచ్చేది బరువు దించుకున్న ఓడలు, వాటి మీద హామిల్కర్. అందుకే ఇప్పుడే అడ్డుకోమన్నాడు.

మీ ఓడ తేలిగ్గా ఉంది. యుద్ధానికి అక్కర్లేని సరంజామా అంతా ముందే దించేశారు. అసలు ఈ నౌకాదళమే అప్పు సొమ్ముతో పుట్టింది. క్రీ.పూ. 249లో డ్రెపానా దగ్గర ఓటమి, ఆ తర్వాత తుపాను. రోమ్ ఖజానాలో చిల్లిగవ్వ మిగల్లేదు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ, లేదంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కో ఓడ కట్టించారు. గెలిస్తేనే తిరిగి చెల్లింపు. అలా తయారైనవి రెండు వందలు. నమూనా మాత్రం శత్రువుదే. కార్తేజ్ నగరమైన లిలిబేయం చుట్టూ రోమ్ పెట్టిన దిగ్బంధాన్ని పదేపదే ఛేదించి చివరికి పట్టుబడిన, ‘రోడియన్’ అనే కార్తేజ్ నావికుడి ఓడను చూసి కట్టారు. కాటులస్ రోజూ మీ చేత తెడ్లు వేయించాడు. అరచేతులు కాయలు కాశాయి.

తాళం వేసేవాడి కేక హఠాత్తుగా వేగం అందుకుంది. లాగండి. ఇంకా గట్టిగా. ఊపిరి అందడం లేదు. ఒక్కసారిగా మీరంతా వెనక్కి తూలిపడ్డారు. ఓడ ముందున్న కంచు ముట్టె ఎదుటి ఓడ పక్క చెక్కల్ని చీల్చుకుని దిగిపోయింది. గెలిచామని కేరింతలు కొట్టే వ్యవధి లేదు. వెంటనే వెనక్కి లాగాలి, లేకపోతే మునిగేదానితో పాటు మీరూ ఇరుక్కుపోతారు. తెడ్డు ఎదురుతిప్పి తోస్తున్నారు. చెక్కలు కిర్రుమంటూ విడివడ్డాయి. బయట నీళ్లలో పడ్డవాళ్ల అరుపులు.

అవతల తెడ్లు వేస్తున్నది హడావిడిగా పోగుచేసిన జనం. ఓడల నిండా బస్తాలు. తిప్పాలంటే తిరగవు, తప్పుకోవాలంటే తప్పుకోలేవు. యాభై మునిగాయి, డెబ్బై మనుషులతో సహా చిక్కాయి. ఇంతలో గాలి మళ్లింది. ఆ గాలికే తెరచాపలెత్తి మిగిలినవి హియెరా వైపు పారిపోయాయి. బందీలు దాదాపు పది వేల మంది.

ఈ పోరు ఆనవాళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 2004 నుంచి లెవాంజో దీవి దగ్గర సముద్రం అడుగున ఇరవైకి పైగా కంచు ముట్టెలు బయటపడ్డాయి. కొన్నిటి మీద, వాటిని తనిఖీ చేసి ఆమోదించిన రోమన్ అధికారుల పేర్లున్నాయి.

నేల మీద హామిల్కర్‌ను రోమ్ ఓడించలేకపోయింది. అయినా సముద్రం మీద దారి మూసుకుపోయాక, సంధి మాట్లాడాల్సిన పని అతని నెత్తినే పడింది. కార్తేజ్ సిసిలీని వదిలేసి, పదేళ్లలో 3,200 టాలెంట్ల వెండి కట్టడానికి ఒప్పుకుంది. క్రీ.పూ. 264లో మొదలై 23 ఏళ్లు సాగిన మొదటి ప్యూనిక్ యుద్ధం అలా ముగిసింది. దాన్ని తేల్చింది సేనానుల శౌర్యం కన్నా ఒక నౌకాదళం బరువు, మరొకదాని సాధన.