చెరువు గట్టు నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా

నెల్లూరు తీరానికి రొయ్య కొత్తది కాదు. ఉప్పుటేటి పోటుతో వచ్చి వలలో చిక్కిన రొయ్య ఇక్కడి పల్లెకారులకు తరతరాల జీవనాధారం. 1990ల తొలినాళ్లలో అది చెరువుకెక్కింది. కండలేరు ఒడ్డునా, బకింగ్‌హామ్ కాలువ వెంటా వరి మళ్లు టైగర్ రొయ్యల చెరువులయ్యాయి. 1991లో ముత్తుకూరులో మత్స్య కళాశాల వెలసింది.

ఆ వైభవం నిలవలేదు. 1994 నుంచి వైట్ స్పాట్ వైరస్ విరుచుకుపడింది. మేత మానేసిన రొయ్యలు గట్టు వారకు చేరేవి, పెంకు మీద తెల్లమచ్చలు తేలేవి, వారం పది రోజుల్లో చెరువు తుడిచిపెట్టుకుపోయేది. మనిషిలో తయారయ్యే యాంటీబాడీలు రొయ్యకు లేవు గనుక మామూలు టీకాల దారీ మూసుకుపోయింది. మరోవైపు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ సాగుకు హద్దులు గీశాయి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే, రొయ్యతో నిమిత్తం లేని ప్రయోగశాలల్లో మరో కథ నడిచింది. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏ నకలుగా మారి, దాని ప్రకారం ప్రోటీన్ తయారవుతుంది. ఆ నకలును చిట్టి ఆర్‌ఎన్‌ఏలు అదుపు చేస్తాయని 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ ఒక నులిపురుగులో కనుగొన్నారు. 1998లో ఫైర్, మెల్లో జంటపోగు ఆర్‌ఎన్‌ఏ గుట్టు విప్పారు. డైసర్ అనే ఎంజైమ్ దాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలు తమకు సరిపోలే నకలును పట్టి నరికిస్తాయి. జన్యువు చెక్కుచెదరదు, దాని మాటే చెల్లదు. ఫైర్, మెల్లోలకు 2006లో, ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది. 2018లో వంశపారంపర్య అమిలాయిడోసిస్‌కు నకలును నరికించే ఈ పద్ధతి మీదే తొలి మందు వచ్చింది.

2004 నాటికి ఈ రెండు కథలూ కలిశాయి. జంటపోగు ఆర్‌ఎన్‌ఏ ఎక్కించిన రొయ్యలు వైట్ స్పాట్‌ను తట్టుకున్నాయి. అది డీఎన్‌ఏ వైరసే అయినా, కణంలో పెరగాలంటే దానికీ ఆర్‌ఎన్‌ఏ నకలు తప్పదు మరి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం ఇదే సూత్రంతో తమకు సోకే వైరస్‌ను తట్టుకునే పట్టుపురుగులను రూపొందించింది. కానీ చెరువులో లక్షల రొయ్యలకు సూది వేయలేం. మేతలో కలిపితే నీటిలో, పేగులో ఆర్‌ఎన్‌ఏ చెదిరిపోతుంది. అందుకే 2009 తర్వాత వచ్చిన వెనామీ రొయ్యల సాగు కూడా రోగరహిత తల్లిరొయ్యల మీద, పీసీఆర్ పరీక్ష చేసిన సీడ్ (రొయ్య పిల్లల) మీద ఆధారపడింది. మేతలో చెడకుండా, రైతుకు గిట్టే ధరలో ఆర్‌ఎన్‌ఏ అందిననాడే ఈ విజ్ఞానం నెల్లూరు చెరువు గట్టుకు చేరినట్టు. అందాకా పరీక్షించని సీడ్‌ను చెరువులో వదలకపోవడమే రైతుకు రక్ష.