బొగ్గు కోసం తవ్వితే వేడినీళ్లు

మా హోసూరు చలికి అవ్వ పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు కాస్తుంది. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో ఆ పని భూమే చేస్తుంది! సింగరేణివాళ్లు బొగ్గు వెతుకుతూ బోరు వేస్తే వేడినీళ్లు ఉబికి వచ్చాయి. ఆ నీళ్లతో, తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని ఆవిరి చేసి, టర్బైన్ తిప్పి కరెంటు తీసే ప్రయోగ కేంద్రం పెట్టారు. 20 కిలోవాట్లే. మా పల్లెల్లోని 5 హెచ్‌పీ బోరు మోటార్లు ఐదు నడుస్తాయి, అంతే.

ఇంతేనా అని నాన్న నవ్వినాడు. ఐస్‌లాండ్ కూడా చిన్నగానే మొదలుపెట్టింది. రాజధాని రేక్యవిక్‌లో ఆడవాళ్లు బట్టల మూటలు మోసుకుని 3 కిలోమీటర్లు నడిచి వేడి ఊటల దగ్గర ఉతికేవారు. అక్కడే బోర్లు వేసి, 1930లో గొట్టాల్లో ఆ నీళ్లను ఊళ్లోకి తెచ్చారు. ముందుగా వెచ్చబడింది ఒక బడి! ఇప్పుడు ఆ దేశంలో పదిళ్లలో తొమ్మిదికి భూమి వేడే.