ఏలామీయ భాష

ఏలామీయం నేటి ఇరాన్ నైరుతి భాగంలో, ఖూజిస్తాన్ మైదానంలోనూ దానికి ఆగ్నేయంగా ఉన్న ఫార్స్ కొండసీమలోనూ దాదాపు రెండు వేల ఏళ్లు రాతలో నిలిచిన ప్రాచీన భాష. తెలుగు బైబిలు చదివేవారికి ఏలాము, షూషను కోట పేర్లు తెలిసినవే. ఆ షూషనే మైదానంలోని రాజధాని సూసా, కొండల్లోది అన్షాన్. 'ఏలాము' ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు, అక్కడివారు మాత్రం తమ దేశాన్ని 'హతమ్తి' అనుకున్నారు. పక్కనే ఉన్న సుమేరియన్‌కు గానీ, అక్కడియన్‌కు గానీ, తర్వాత వచ్చిన పారశీకానికి గానీ ఈ భాష చుట్టం కాదు.

సూసాలో రాత క్రీ.పూ. 3100 ప్రాంతంలోనే మొదలైంది. 'ప్రోటో ఎలమైట్' అని పిలిచే ఆ లెక్కల పలకలను ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. క్రీ.పూ. మూడో సహస్రాబ్ది చివర పుజుర్ ఇన్షుషినాక్ అనే రాజు వాడిన గీతల లిపి వేరు. దాన్ని చాలావరకు చదివామని ఫ్రాన్స్వా దెస్సే బృందం 2022లో ప్రకటించింది. పండితులందరూ ఇంకా ఒప్పుకోలేదు. భాష మనకు బాగా దొరికేది మెసొపొటేమియా నుంచి అరువు తెచ్చుకున్న క్యూనిఫాం లిపిలోనే. అరువు సరుకైనా తమకు వీలుగా మలుచుకున్నారు: వందల గుర్తులను పక్కనపెట్టి, సుమారు 130తో పని నడిపారు.

క్రీ.పూ. 1300కు అటూ ఇటుగా ఉంటాష్ నపిరిష అనే రాజు సూసాకు కొద్ది దూరంలో, నేటి చోగా జన్‌బీల్ వద్ద, మెట్లమెట్లుగా లేచే ఇటుకల ఆలయం కట్టించాడు. గోడల్లో వరుసల మధ్య శాసనపు ఇటుకలు పేర్చారు. ఇటుక ఇటుకకూ రాజు పేరు, తండ్రి పేరు, గుడి ఏ దేవుడిదో, మళ్లీ అదే పాఠం. ఆయన రాణి నపిర్ అసు విగ్రహం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తల లేదు, అయినా 1,750 కిలోల లోహం. పావడా అంచున ఏలామీయంలో శాపం చెక్కారు: విగ్రహాన్ని ఎత్తుకుపోయినవాడి పేరు నిలవకూడదని. ఎత్తుకురావడంలో ఏలామీయులూ తక్కువవారు కారు. క్రీ.పూ. 12వ శతాబ్దంలో ఏలాము రాజు షుత్రుక్ నహ్హుంతె బాబిలోనియా మీదపడి హమ్మురాబి శాసనస్తంభాన్ని పట్టుకొచ్చాడు. అది 1901లో సూసా తవ్వకాల్లో బయటపడింది అందుకే.

రాజులు వాడిన బిరుదుల్లో 'రుహుషక్' ఒకటి. దీనికి మేనల్లుడు అని సాధారణంగా అర్థం చెబుతారు. సింహాసనం ఆడపడుచు సంతానం ద్వారా నడిచేదన్న వాదం దీనిమీద లేచిందే.

ఈ భాషలో పదం చివర ప్రత్యయాలు చేరుతూ పోతాయి. క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. 'సుంకి' అంటే రాజు. 'సుంకిక్' అంటే రాజునైన నేను, 'సుంకిర్' అంటే రాజైన అతడు, 'సుంకిప్' రాజులు, 'సుంకిమె' రాజరికం. నామవాచకానికే నేను, అతడు అన్న గుర్తు తగిలించడం చాలా భాషలవారికి వింత. 'నేను రాజును, నీవు రాజువు, మేము రాజులము' అనే తెలుగువారికి కాదు.

ఇలాంటి పోలికలే పండితులను ఊరించాయి. బెహిస్తూన్ కొండమీద పారశీక చక్రవర్తి మొదటి దరియస్ మూడు భాషల్లో చెక్కించిన శాసనంలోని ఏలామీయ పాఠాన్ని ఎడ్విన్ నారిస్ 1855లో ప్రచురించాడు. మరుసటి ఏడే కాల్డ్వెల్ తన ద్రావిడ వ్యాకరణంలో ఆ భాషకూ ద్రావిడానికీ ఉన్న సామ్యాలను ఎత్తిచూపాడు. 1970ల నుంచి డేవిడ్ మెకాల్పిన్ రెండింటికీ ఒకే మూలభాష ఉందని వాదించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ రుజువులు చాలవన్నారు. ఎక్కువమంది మాటా అదే. వ్యాకరణపు పోలిక ఎంత ముచ్చటగా ఉన్నా, ధ్వనుల లెక్క కుదరకపోతే చుట్టరికం కలవదు. ప్రస్తుతానికి ఏలామీయం ఒంటరి భాషే.

క్రీ.పూ. 646 ప్రాంతంలో అస్సీరియా రాజు అషుర్బనిపాల్ సూసాను నేలమట్టం చేశాడు. రాజ్యం పోయినా గుమాస్తాలు మిగిలారు, పారశీక చక్రవర్తులు వారి చేతనే లెక్కలు రాయించారు. వారి రాజధానుల్లో ఒకటైన పెర్సెపోలిస్ కోటలో 1933లో దొరికిన వేలాది మట్టిపలకలు క్రీ.పూ. 509–493 నాటివి. అరచేతిలో ఇమిడే పలక, దారంమీద పొదివిన మట్టి, పక్కన ముద్ర. ఎవరికెంత బార్లీ, ఎంత ద్రాక్షసారా అన్నదే విషయం. బాలింతకు మగపిల్లాడు పుడితే ఇచ్చేది, ఆడపిల్ల పుడితే ఇచ్చేదానికి రెండింతలు. హిందుష్, అంటే సింధు ప్రాంతం నుంచి సూసాకు వెళ్లే ప్రయాణికులకు కొలిచిచ్చిన పిండి లెక్క కూడా ఉంది.

మట్టిపలకను సుమేరియన్లు 'దుబ్' అన్నారు. అక్కడియన్ మీదుగా అది ఏలామీయంలో 'తుప్పి' అయింది, అక్కడి నుంచి పాత పారశీకంలో 'దిపి'. అశోకుడి షాబాజ్‌గఢీ శాసనంలో 'దిపి' అలాగే ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అది 'లిపి'.